తీరాన ఒక అభయం

తీరం ఉన్నంతమాత్రాన ఒక దేశపు ప్రజలందరూ సముద్రపు మనుషులు కారు. ఆంధ్రదేశానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. మోటుపల్లి, మచిలీపట్నం, కోరంగి, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల పేర్లు చరిత్ర గ్రంథాలలో పదేపదే కనిపిస్తాయి. అయినప్పటికీ, వేటకు వెళ్లే మత్స్యకారులను, ఓడలపై బ్రతికే నావికులను మినహాయిస్తే, తక్కిన తెలుగువారికి సముద్రం పర్వదినాలలో దర్శించవలసిన ఒక దైవం మాత్రమే. కార్తిక, మాఘ పూర్ణిమలనాడు ఒకరి చేయి ఒకరు పట్టుకుని చీలమండల లోతున నిలిచి, నెత్తిన మూడు దోసిళ్ల నీళ్లు చల్లుకుని వెనుదిరుగుతారు. పిల్లలకు సముద్రం గురించి పెద్దలు చెప్పే మొదటి మాట, తరచుగా చివరి మాట కూడా, ‘లోపలికి వెళ్లకు’ అన్నదే.

ఆ నిషేధం వెనుక ఎన్నో కుటుంబాల అనుభవం ఉంది. దానిని హేళన చేయడానికి వీలులేదు. కాని నిషేధం ఒక్కటే జ్ఞానం కాజాలదు. భీమునిపట్నంలో ఒక ప్రభుత్వోద్యోగి ఈ సంగతిని నలభై అయిదేళ్ల వయస్సులో, ఒక చెక్కపలక మూలంగా తెలుసుకున్నాడు.

భీమునిపట్నం పాత పట్టణం. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా ప్రవహించి వచ్చే గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. 1825లో అది ఇంగ్లీషువారి పరమైంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. గోపురాల ఆకారంలో కట్టిన డచ్చివారి సమాధులు ఇప్పటికీ తీరానికి దగ్గరలో నిలిచి ఉన్నాయి. దూరదేశాల నుంచి సముద్రాన్ని నమ్ముకుని వచ్చి, తిరిగి వెళ్లలేకపోయినవారి గుర్తులవి.

ఆ ఉద్యోగి ఈ పట్టణానికి బదిలీపై వచ్చాడు. కార్యాలయంలో లెక్కలు చూడటం ఆయన పని. చరిత్ర విద్యార్థిగా ఉన్న రోజులలో శాసనాలు చదివిన అలవాటు వల్ల, సెలవు రోజున డచ్చి సమాధులపై రాతలను కూడబలుక్కుని చదివేవాడు. అక్కడి నుంచి వందల గజాల దూరంలోని నీటి దగ్గరకు మాత్రం వెళ్లేవాడు కాదు. ఇంటికి సముద్రం మూడు వీధుల దూరం. రెండేళ్లలో ఆయన ఇసుకపైకి వెళ్లింది నాలుగైదు పర్యాయాలే. వెళ్లినప్పుడు కూడా చెప్పులు విప్పలేదు.

దానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక కార్తిక పూర్ణిమ ఉదయాన, కుటుంబమంతా సముద్రస్నానానికి మరొక ఊరి తీరానికి వెళ్లింది. తమ్ముడికి ఆరేళ్లు. వాడు తల్లి చేయి వదిలి నాలుగడుగులు ముందుకు వేశాడు. వచ్చిన కెరటం వాడిని ముంచలేదు. ఆ కెరటం తిరిగి వెళ్లేటప్పుడు వాడు కనిపించలేదు. తండ్రి దుస్తులతోనే నీటిలోకి దూకాడు. ఆయనకు ఈత రాదు. జాలరులు ఆయనను బయటకు తీసుకురాగలిగారు, పిల్లవాడిని తేలేకపోయారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో సముద్రమనే మాట వినపడలేదు. పాఠ్యపుస్తకంలో బంగాళాఖాతం వచ్చిన పుటను ఆయన తల్లి ఎదుట చదివేవాడు కాదు. ఆ తల్లి ఇప్పుడు డెబ్బై దాటిన వయస్సులో కొడుకు దగ్గరే ఉంటున్నది. సముద్రపు గాలి వచ్చే వైపు కిటికీని ఆమె సాయంకాలం కాకముందే మూసివేస్తుంది.

*

ఆయన కుమారుడికి పదమూడేళ్లు. సముద్రం హోరు వింటూ నిద్రపోయే పిల్లవాడికి సముద్రం గురించి అడగవద్దని చెప్పడం ఎంతకాలం సాగుతుంది? సంక్రాంతి సెలవులలో ఒక సాయంత్రం వాడి లాగు మడతలలో తడి ఇసుక కనిపించింది. ఆయన ఏనాడూ లేనిది కొడుకుపై చేయి చేసుకున్నాడు. పిల్లవాడు ఏడవలేదు. “నాన్నా, నేను లోపలికి వెళ్లలేదు. ఒడ్డునే జారుతున్నారు. చూశానంతే” అన్నాడు.

ఆ రాత్రి భార్య ఆయనతో నెమ్మదిగా అన్నది: “ఏమండీ, సముద్రం మూడు వీధుల అవతల ఉంది. దానిని మనం దాచిపెట్టలేం. వాడికి మీరు చూపించకపోతే వాడే వెళ్లి చూసుకుంటాడు.”

మరునాడు ఆయన కొడుకును వెంటబెట్టుకుని వెళ్లాడు. గోస్తనీ మొగ దగ్గర, ఆటు సమయంలో, తడిసిన ఇసుక అద్దంలా చదునుగా పరుచుకుని ఉంది. మత్స్యకారుల పిల్లలు ఐదారుగురు అక్కడ ఆడుకుంటున్నారు. పాత తలుపు నుంచి ఊడిన చెక్క ఒకటి వారి చేతిలో ఉంది. కెరటం వచ్చి, ఇసుకపై పలుచగా పరుచుకుని, వెనుకకు మళ్లుతున్న క్షణంలో ఒక కుర్రవాడు పరుగెత్తి, చెక్కను నీటి పొరపై జారవిడిచి, దానిపై కాలు మోపాడు. చెక్క అతనిని మోసుకుని పది పన్నెండు గజాలు నిశ్శబ్దంగా సాగిపోయింది. చెరువులో చదునైన పెంకును విసిరితే అది కప్పలా గెంతుకుంటూ పోవడం చూసినవారికి ఆ చలనం కొత్తది కాదు. ఆ పెంకుపై ఒక మనిషి నిలుచుని ఉన్నాడన్నదే ఇక్కడి విశేషం.

నీరు ఆ కుర్రవాడి చీలమండను కూడా దాటలేదు. ఆయన చూసిన మొదటి సంగతి అదే.

ఈ ఆటకు వాడే పలకను స్కిమ్‌బోర్డ్ అంటారని కొడుకు చెప్పాడు. ఆయన తన అలవాటు ప్రకారం దాని పూర్వచరిత్ర వెదికాడు. అలలపై చెక్కతో ఆడుకోవడం పసిఫిక్ దీవుల ప్రజలకు ప్రాచీన విద్య. 1769లో తాహితీ దీవిలో జోసెఫ్ బాంక్స్ అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త, పెద్ద కెరటాల నడుమ స్థానికులు పాత పడవ వెనుకభాగపు చెక్కను పట్టుకుని ఆడటం చూసి తన దినచర్యలో వ్రాసుకున్నాడు. లోతైన నీటిలో అలనెక్కే ఆట అది. ఒడ్డున పలుచని నీటిపై జారే ఈ ఆట మాత్రం ఇటీవలిది. 1920ల ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లగూనా బీచ్ అనే ఊరి తీరరక్షకులు చెక్కపలకలతో దీనిని ప్రారంభించారని చెబుతారు. 1970ల తరువాత చెక్కకు బదులు నురుగు పదార్థపు గర్భం, దానిపై గాజునార పొర కలిగిన తేలికైన పలకలు వచ్చాయి.

ఈ వివరాలలో ఒకటి ఆయనను పట్టి నిలిపింది. ఈ ఆటను మొదలుపెట్టినవారు తీరరక్షకులు. మునిగిపోయేవారిని కాపాడటమే వారి వృత్తి. సముద్రం ఏమి చేయగలదో అందరికంటె బాగా తెలిసినవారే, ఆ సముద్రపు అంచున ఒక చెక్కతో ఆడుకున్నారు. భయానికి, ఆటకు నడుమ తాను ఇంతకాలం ఊహించని ఒక దారి ఉందని ఆయనకు తోచింది. కొడుకుతో, “పలక మనమే చేద్దాం. కాని ముందు నేను ఎక్కి చూస్తాను” అన్నాడు.

*

చేయడం అనుకున్నంత సులువు కాలేదు. మొదటి పలకకు కలప దుకాణంలో మిగిలిన మామూలు ప్లైవుడ్ ముక్క కొన్నారు. రంపంతో గుండ్రంగా కోసి, రంగు వేసి తీసుకువెళ్లారు. అది చదునైన చెక్క. నీటిపై విడిచిన ప్రతిసారీ దాని ముందు అంచు ఇసుకలో గుచ్చుకుని ఆగిపోయేది. ఎక్కినవాడు మాత్రం ఆగక ముందుకు పడేవాడు. రెండవ వారానికి పొరలు ఉబ్బి, పుస్తకపు పుటలలా విడిపోయాయి. మామూలు ప్లైవుడ్‌లోని జిగురు ఇంటి లోపలి వాడకానికే గాని, ఉప్పునీటికి పనికిరాదు.

రెండవసారి ఆయన కార్యాలయంలో దస్త్రాన్ని తయారుచేసేంత శ్రద్ధతో పనికి పూనుకున్నాడు. నీటి పనులకు ఉద్దేశించిన ప్లైవుడ్‌కు మన దేశంలో ఐ.ఎస్. 710 అనే ప్రమాణం ఉంది. దాని జిగురు మరిగే నీటిలో గంటల తరబడి ఉడికించినా వదలదు. ఆ రకంలో 4 మిల్లీమీటర్ల మందం గల రెండు ముక్కలు తెచ్చాడు. ఒకటే మందపు చెక్క తీసుకోకపోవడానికి కారణం ఉంది. పలక ముందుభాగం పడవ ముక్కులా కొంచెం పైకి లేచి ఉండాలి. మందపు చెక్క వంగదు. వంచినా తిరిగి చదునవుతుంది. రెండు పలుచని పొరలకు నడుమ జిగురు పూసి వంచితే, వంగేటప్పుడు ఒక పొర రెండవదానిపై వెంట్రుకవాసి జరుగుతుంది. ఆ స్థితిలో జిగురు గట్టిపడితే పొరలు వెనుకకు జరగలేవు, వంపు శాశ్వతమవుతుంది.

ఆకారం గీయడానికి పాత దస్త్రాల అట్టలను అతికించి ఒకే పెద్ద కాగితం చేశారు. దానిని నిలువుగా సగానికి మడిచి, సగం ఆకారమే గీసి, కత్తిరించి విప్పితే రెండు పక్కలూ సమానంగా వచ్చాయి. పొడవు 120 సెంటీమీటర్లు, అత్యధిక వెడల్పు 52. ముందు విశాలంగా, వెనుక సన్నగా, నీటిబొట్టు ఆకారం. పిల్లవాడి బరువుకు అంత అక్కరలేదు. ముందుగా ఎక్కవలసిన తండ్రి బరువు 70 కిలోలు.

ఎపాక్సీ జిగురు పూసి, రెండు పొరలనూ కలిపి, ముందు అంచు కింద అయిదు సెంటీమీటర్ల ఎత్తు గల కర్రను పెట్టారు. మధ్యభాగంపై బియ్యం బస్తా, దాని వెనుక సన్నికల్లు, ముందు అంచుకు రెండు వైపులా ఇటుకలు. వంటింట్లోని సన్నికల్లు వరండాలోకి ఎందుకు వచ్చిందని తల్లి అడిగింది. చెక్క పని అని మాత్రమే చెప్పాడు. ఆమె మరి అడగలేదు.

ఒక రోజంతా కదపకుండా ఉంచి, మరునాడు బరువులు తీశారు. ముందుభాగం లేచిన వంపు అలాగే నిలిచింది. తండ్రీకొడుకులు దానిని నేలపై పెట్టి, వంగి, కింద నుంచి వెలుతురు ఎంత దూరం వస్తున్నదో చూశారు. తరువాత చిత్రికతో, ఉప్పుకాగితంతో అంచులను గుండ్రంగా తీర్చారు. అంచు వాడిగా ఉంటే ఇసుకలో దిగుతుంది. పడినవాడి కాలికీ తగులుతుంది.

ఇక పైపూత. దీనికి సహాయం అనుకోని చోటి నుంచి లభించింది. తీరాన పడవలు బాగుచేసే చోట ఒక వృద్ధ జాలరి రోజూ వలలు అల్లుకుంటూ కూర్చునేవాడు. యౌవనంలో ఆయన దుంగల తెప్పపై వేటకు వెళ్లినవాడు. తేలిక కలప దుంగలను తాళ్లతో జతకట్టి కడలిలోకి తోసుకుపోవడం, తిరిగి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టడం ఆ రోజుల పద్ధతి. తమిళంలో ఇటువంటిదానినే కట్టుమరం అంటారు. ‘కట్టిన మాను’ అని అర్థం. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కాటమరాన్ అనే మాట దాని నుంచే పుట్టింది. తరువాతి దశాబ్దాలలో దుంగల స్థానంలో గాజునారతో చేసిన పడవలు వచ్చాయి. వాటిని కూడా పాతవారు తెప్పలనే పిలుస్తారు. వస్తువు మారినా పేరు మారలేదు.

పలకను చూసి ఆ వృద్ధుడు బొటనవ్రేలితో అంచు తట్టి, “సెక్క బాగుంది. ఒంటి మీద సొక్కా లేదు” అన్నాడు. పడవకు అతుకు వేయగా మిగిలిన గాజునార గుడ్డ, డబ్బా అడుగున ఉన్న కొంత రెసిన్ ఇప్పించాడు. రెసిన్‌లో గట్టిపరిచే ద్రవం కొన్ని చుక్కలే కలపాలి. ఎక్కువైతే పూయకముందే డబ్బాలో వేడెక్కి రాయి అవుతుంది. పూసేటప్పుడు గాలి బుడగ నిలిస్తే అక్కడి నుంచే నీరు లోపలికి దిగుతుంది. పడవ పనివాడు గుడ్డను పరిచి, కుంచెతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ బుడగలను బయటకు పంపడం తండ్రీకొడుకులు ఊపిరి బిగబట్టి చూశారు. చివరి పూత ఆరకముందే పైభాగంపై జల్లించిన సన్నని ఇసుక చల్లాడు. కాలు జారకుండా ఆ గరుకు పట్టునిస్తుంది. కింది భాగాన్ని మాత్రం గాజులా నునుపుగా వదిలాడు. డబ్బు ఇవ్వబోతే, “పిల్లడి కోసం కదా బాబూ” అని తీసుకోలేదు.

*

ఫిబ్రవరి మాసంలో, అమావాస్య మరునాటి ఉదయం, నీరు బాగా వెనుకకు తగ్గిన వేళ ఆయన పలకను పట్టుకుని నీటి అంచున నిలిచాడు. పాంటు మోకాళ్ల వరకు మడిచాడు. చెప్పులు విప్పి ఇసుకపై పెట్టాడు. నలభై అయిదేళ్ల మనిషి పాదాలకు తడి ఇసుక తగిలి ముప్పై ఆరేళ్లయింది.

నియమం చెప్పడానికి సులువైనదే. పలకను పక్కగా రెండు చేతులతో పట్టుకుని, తీరానికి సమాంతరంగా పరుగెత్తాలి. నీరు ఒకటి రెండు అంగుళాల మందాన పరుచుకున్న చోట దానిని విసరకుండా, చదునుగా జారవిడవాలి. వేగం తగ్గకముందే దాని మధ్యన ముందు కాలు, వెనువెంటనే రెండవ కాలు మోపాలి. మోకాళ్లు వంచి, బరువు నడిమికి చేర్చాలి. ముందుకు వాలితే ముక్కు మునుగుతుంది. వెనుకకు వాలితే పలక బాణంలా దూసుకుపోతుంది; మనిషి వెనుకనే ఉండిపోతాడు.

ఆయన ఈ తప్పులన్నింటినీ ఆ ఉదయమే చేశాడు. పడిన ప్రతిసారీ మత్స్యకారుల పిల్లలు నవ్వారు. కొడుకు నవ్వాలో లేదో తెలియక తల తిప్పుకున్నాడు. కార్యాలయంలో పనిచేసే ఒకరు ఉదయపు నడకకు వచ్చి చూసి, నమస్కరించాలా చూడనట్లు పోవాలా అన్న సందేహంలో పడి, రెండూ సగం సగం చేసి వెళ్లిపోయాడు. ఇంటికి చేరేసరికి మణికట్టు వాచింది.

ఒక వారం తరువాత వృద్ధ జాలరి వల పక్కన పెట్టి లేచి వచ్చాడు. “బాబూ, నువ్వు పలక మీదికి దూకుతున్నావు. దూకితే అది ఆగిపోద్ది. ఎళ్తన్న బస్సెక్కినట్టు ఎక్కాల. బస్సుతో నాలుగడుగులు పరిగెట్టి, అప్పుడు కాలు పెడతాం కదా, అలాగ” అన్నాడు.

ఆ ఉపమానంలో ఆ విద్య యావత్తూ ఉంది. కదులుతున్న పలకకు, నీటికి మధ్య ఏర్పడే ఒత్తిడియే మనిషిని మోస్తుంది. వాలుగా కదిలే పలక నీటిని ముందుకు, కిందికి నెడుతుంది. కింద గట్టి ఇసుక ఉన్నందున నీరు తప్పుకోలేక పలకను పైకి నెడుతుంది. ఈ పైకి నెట్టే బలం వేగంతో పాటు పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. వేగం సగమైతే నాలుగవ వంతుకు పడిపోతుంది. అందుకే పైనుంచి దూకి వేగాన్ని చంపినవాడు వెంటనే ఇసుకలో దిగుతాడు. పలకతో సమానంగా పరుగెత్తి వచ్చినవాడిని నీరు తనలో ఒకడిగా అంగీకరిస్తుంది.

కొడుకుకు ఆ విద్య రెండు రోజులలో పట్టుబడింది. తండ్రికి ఆరు వారాలు పట్టింది. ఒక ఆదివారం ఉదయం ఆయన పరుగెత్తి, పలకను విడిచి, కాలు మోపగా, కింద ఉండవలసిన ఒరిపిడి లేదు. శబ్దం కూడా లేదు. కాళ్ల కింద ఆకాశపు నీడ మాత్రం వెనుకకు సాగిపోతున్నది. పది గజాలో, పన్నెండో. పలక మెల్లగా ఇసుకపై కూర్చున్నది. ఆయన దిగి నిలబడి, మొదట కొడుకు వైపు కాక సముద్రం వైపు చూశాడు.

*

ఆ వారాలలో ఆయన నేర్చుకున్నది పలకపై నిలబడటం ఒక్కటే కాదు. పలక నడవాలంటే నీటిని చూడటం రావాలి. తీరానికి కొట్టుకుని పైకి పాకే నీరు ఒకటి; వాలు వెంట తిరిగి వెళ్లే నీరు మరొకటి. తీరం చదునుగా ఉన్న చోట తిరిగి వెళ్లే నీరు పలుచగా, నిదానంగా జారుతుంది. తీరం నిట్రంగా ఉన్న చోట అదే నీరు బలం పుంజుకుని, పాదాల కింది ఇసుకను కోసుకుంటూ, ఎదురు వచ్చే కెరటం అడుగు నుంచి లోపలికి పోతుంది. ఒకే ఊరి తీరంలో వంద గజాల తేడాలో ఈ రెండు రకాలూ ఉండవచ్చు. ఋతువుతో పాటు ఇసుక జరిగి, నిన్న చదునైన చోటు నేడు నిట్రం కావచ్చు.

“ఒచ్చే కెరటం అందరికీ కనపడద్ది బాబూ. పోయే నీరు కనపడదు. సూడాల్సింది దాన్నే. మనిషిని తీసుకుపోయేది అదే” అన్నాడు ఒకనాడు వృద్ధుడు, మామూలుగా, వల ముడి వేస్తూ.

ఆయన చాలాసేపు అక్కడే నిలిచిపోయాడు. ముప్పై ఆరేళ్లుగా తమ ఇంటిపై ఒక శాపంలా నిలిచిన ఆ ఉదయానికి మొదటిసారిగా ఒక కారణం దొరికింది. నిట్రమైన తీరం, వెనుకకు లాగే నీరు, ఆరేళ్ల పిల్లవాడి బరువు. ఎవరి పాపమూ కాదు. తల్లి చేయి వదలడం వల్ల మాత్రమే జరిగినదీ కాదు. ఆనాడు ఆ కుటుంబంలో ఎవరికీ తిరిగి వెళ్లే నీటిని చూడటం రాదు. కారణం తెలిసినందువల్ల దుఃఖం పోలేదు. కాని అంతవరకు దానికి ఉన్న హద్దులేనితనం పోయింది.

ఆ సాయంత్రం ఆయనకు విద్యార్థి దశలో చదివిన ఒక శాసనం గుర్తుకు వచ్చింది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45 ప్రాంతంలో వేయించిన దానిని అభయశాసనమంటారు. అంతకుముందు రాజులు తుఫానులో దారి తప్పి, పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సర్వస్వాన్నీ స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని సముద్రవర్తకులకు మాట ఇచ్చాడు. తుఫాను రాదని ఆయన అనలేదు. ఓడ పగలదనీ అనలేదు. అది ఏ చక్రవర్తి చేతిలోనూ లేదు. తీరాన తన చేతిలో ఉన్నదానికి ఒక హద్దు వ్రాసి, రాతిపై నిలిపాడు. అభయమంటే అంతే. ప్రమాదం ఉండదన్న హామీ కాదది. అందరికీ తెలిసేటట్లు వ్రాసి ఉంచిన ఒక హద్దు.

తాను కొడుకుకు ఇన్నాళ్లూ ఇచ్చినది నిషేధం, ఇవ్వవలసినది అభయం. ఆ రాత్రి ఒక తెల్లకాగితంపై ఆయన నాలుగు నియమాలు వ్రాశాడు. నీరు మోకాలు దాటిన చోటికి వెళ్లరాదు. ఒంటరిగా వెళ్లరాదు. తీరం నిట్రంగా ఉన్న చోట, పోటు వేళ ఆడరాదు. వృద్ధ జాలరి వద్దన్న రోజున కారణం అడగకుండా తిరిగి రావాలి. కింద తాను సంతకం చేసి, కొడుకు చేత కూడా చేయించాడు. వేసవిలో ఈత నేర్పిస్తానన్న అయిదవ వాక్యాన్ని తన బాధ్యతగా చేర్చాడు. పిల్లవాడు కాగితాన్ని రెండుసార్లు చదివి, “అయితే వెళ్లవచ్చా నాన్నా?” అన్నాడు.

తల్లికి చెప్పవలసి ఉంది. మరునాడు ఉదయం ఆమె వరండాలో కూర్చుని ఉండగా, గోడకు ఆనించి ఉన్న పలకను చూపి, అదేమిటో చెప్పాడు. ఎక్కడ ఆడతారో కూడా చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

“ఎంత లోతున ఆడతార్రా?” అన్నది చివరకు.

“చీలమండ దాకానేనమ్మా.”

“వాడు మోకాలి లోతులోనే ఉన్నాడురా.”

ముప్పై ఆరేళ్లలో ఆమె తమ్ముడి గురించి పలికిన మొదటి మాట అది. ఆయన ఆమె పక్కన నేలపై కూర్చున్నాడు. వృద్ధుడు చెప్పిన సంగతిని, తిరిగి వెళ్లే నీటి సంగతిని, తాను చూసినదానిని, తొందరపడకుండా మొదటి నుంచి చెప్పాడు. తీరపు వాలును చేతితో నేలపై గీసి చూపించాడు. ఆమె ఆ గీతను చూస్తూ విన్నది. “అయితే నేను పట్టుకుని ఉన్నా లాగేదా?” అన్నది. లాగి ఉండేదో లేదో చెప్పడానికి ఆయనకు వీలులేదు. “నిన్ను కూడా లాగేదేమో అమ్మా” అన్నాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం ఆయన కార్యాలయం నుంచి భోజనానికి వచ్చేసరికి పలక ఉదయం ఉన్న చోట లేదు. వరండాలోకి ఎండ వచ్చే వేళ అది. పలకను ఎవరో నీడపట్టుకు జరిపారు. దాని కింది భాగానికి అంటిన ఇసుకను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు. నియమాల కాగితం ఎగిరిపోకుండా దానిపై చిన్న రాయి పెట్టి ఉంది. సాయంత్రం దాటినా ఆ రోజు సముద్రం వైపు కిటికీ మూయలేదు.